కాకా తెచ్చిన పింఛను, మనం పోగొట్టుకుంటున్న సర్వీసు

మా తండాలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు చెరకు నరకడానికి పోయేవాడు. తరువాత పటాన్‌చెరు వైపు వచ్చి, మూడు ఫ్యాక్టరీల్లో పదిహేనేళ్లు పనిచేశాడు. ఒకచోట ఆరేళ్లు, ఇంకోచోట నాలుగేళ్లు, చివరగా ఐదేళ్లు. పని మానిన ప్రతిసారీ పీఎఫ్ డబ్బులు మొత్తం తీసుకున్నాడు. మొదటిసారి ఇంటిమీద రేకులకు, రెండోసారి బిడ్డ పెళ్లికి, మూడోసారి బోరుకు ఖర్చయ్యాయి. 58 ఏళ్లు నిండాక ఎవరో చెబితే పింఛను కోసం అడగడానికి పోయాడు. "నీ ఖాతాలో సర్వీసు లేదు" అన్నారు.

పదిహేనేళ్లు పనిచేసినవాడికి సర్వీసు లేకపోవడం ఏమిటి? ఇంటికి వచ్చి ఆయన అడిగిన ప్రశ్న అదే. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత నలుగురిని అడిగి, చట్టం చదివి తెలుసుకున్నాను. ఆయనను ఎవరూ మోసం చేయలేదు. పింఛను డబ్బును ఏ ఏటికి ఆ ఏడు తీసేసుకుంటే సర్వీసు కూడా దానితోనే పోతుందని చెప్పినవారు మాత్రం ఒక్కరూ లేరు.

మన సంఘం సంచికలో సాధారణంగా మన పండుగల గురించి, పాటల గురించి, పెద్దల గురించి రాస్తాం. ఈసారి ఒక చట్టం గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది. ఈ రోజు మన తండాల యువతలో చాలామందికి బతుకుదెరువు సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడే. అక్కడ పనిచేసేవారికి ముసలితనంలో నెలనెలా డబ్బు రావాలని పార్లమెంటులో పనిచేసిన నాయకుడు ఒకరున్నారు. ఆయన మన పక్క ప్రాంతం నుంచే ఢిల్లీకి వెళ్లారు. ఆ చరిత్ర తెలిస్తే ఆ హక్కును ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

తండా నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా

ఇప్పటి సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు ఇదంతా మెదక్ జిల్లా. జిల్లా పేరు మెదక్ అయినా, కలెక్టరు కార్యాలయం ఉన్నది సంగారెడ్డిలో. సిద్దిపేట కూడా అప్పుడు ఈ జిల్లాలోదే.

హైదరాబాద్ నుంచి ముంబయి పోయే రోడ్డు వెంట ఫ్యాక్టరీలు రావడం 1960లలో మొదలైంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచారు. రాయ్‌బరేలీలో కూడా గెలిచినా దాన్ని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. దేశ ప్రధానికి ప్రాతినిధ్యం ఇచ్చిన నియోజకవర్గం మనది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది ఆ కాలంలోనే. పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం, కాజిపల్లి వంటి ఊళ్ల పేర్లు పారిశ్రామికవాడల పేర్లయ్యాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, ఇనుప పనులు, ప్యాకింగ్ యూనిట్లు వరుసగా వచ్చాయి.

అదే కాలంలో మన చరిత్రలోనూ ఒక మలుపు వచ్చింది. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం వల్ల తెలంగాణ ప్రాంతంలోని లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చోటు దక్కింది. ఆ సవరణ 1977లో అమలులోకి వచ్చింది. మన పిల్లలు హాస్టళ్లలో చేరి చదువుకున్నారంటే, కొందరు ఉద్యోగాల్లోకి వెళ్లారంటే ఆ సవరణే పునాది. 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత ఎన్నో తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. పార్లమెంటులోనో శాసనసభలోనో ఒక వాక్యం మారితే మన ఇంట్లో ఏం మారుతుందో మనకు అనుభవమే.

కానీ అందరికీ సర్కారు ఉద్యోగం రాదు. నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద వైపు తండాల్లో భూమి తక్కువ, నీళ్లు ఇంకా తక్కువ. పెద్దలు చెరకు నరకడానికి పోయారు. పిల్లలు పటాన్‌చెరు బస్సు ఎక్కారు. చెరకు తోటలో ముసలితనానికి పింఛను అనే మాటే లేదు. ఫ్యాక్టరీలో ఉంది. అది ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

కాకా ఎవరు?

మన గోర్ బోలిలో కాకా అంటే తండ్రి తమ్ముడు. తెలంగాణ రాజకీయాల్లో కాకా అంటే గడ్డం వెంకటస్వామి. 1929 అక్టోబరు 5న పేద దళిత కుటుంబంలో పుట్టారు. కూలి పని చేసి పెరిగారు. హైదరాబాదులో కార్మిక సంఘాలు నడిపారు. తలదాచుకునే చోటు లేని పేదలను కూడగట్టి గుడిసెలు వేయించారు. అందుకే జనం ఆయనను గుడిసెల వెంకటస్వామి అన్నారు. పదవుల కన్నా ముందు వచ్చిన పేరు అది.

1957లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1967లో సిద్దిపేట నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1971లో తెలంగాణ ప్రజాసమితి తరఫున, 1977లో కాంగ్రెస్ తరఫున అదే సిద్దిపేట నుంచి గెలిచారు. అంటే పదేళ్లకు పైగా అప్పటి మెదక్ జిల్లా గొంతుగా ఢిల్లీలో ఉన్నారు. తరువాత 1989, 1991, 1996, 2004 ఎన్నికల్లో పెద్దపల్లి నుంచి గెలిచారు. 2014 డిసెంబరు 22న కన్నుమూశారు. అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి ఏడు నెలలు కూడా కాలేదు.

పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న ప్రభుత్వంలో గ్రామీణాభివృద్ధి, జౌళి శాఖల్లో పనిచేసిన తరువాత, 1995 సెప్టెంబరులో వెంకటస్వామి కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయ్యారు. 1996 మేలో ఆ ప్రభుత్వం దిగిపోయింది. కార్మిక మంత్రిగా ఆయనకు దక్కింది ఎనిమిది నెలలే. ఆ ఎనిమిది నెలల్లోనే ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది.

ఆ శాఖలో కూర్చున్న మొదటి తెలుగువాడు ఆయన కాదు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన వి.వి. గిరి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. దామోదరం సంజీవయ్య 1964 నుంచి 1966 వరకు ఆ శాఖ చూశారు. బోనస్ చెల్లింపు చట్టం 1965లో ఆయన హయాంలోనే వచ్చింది. దీపావళి ముందు మీ ఖాతాలో పడే బోనస్‌కు మూలం అదే. అదే సంజీవయ్య 1960-62లో ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. ఆ వరసలోనే వెంకటస్వామి వచ్చారు.

1952, 1971, 1995

ప్రైవేటు ఫ్యాక్టరీ కార్మికుడికి మొదట దొరికింది పీఎఫ్ మాత్రమే. 1952 భవిష్యనిధి చట్టం ప్రకారం కార్మికుడి జీతంలో కొంత, యజమాని కొంత కలిపి ఒక ఖాతాలో వేస్తారు. పని మానినప్పుడు వడ్డీతో కలిపి ఒకేసారి చేతికి వస్తుంది. మంచిదే. కానీ ఒకేసారి వచ్చిన డబ్బు ఒకేసారి పోతుంది. అప్పులవాళ్లు వస్తారు, పెళ్లి వస్తుంది, జబ్బు వస్తుంది. రెండేళ్లలో చేయి ఖాళీ. సర్కారు ఉద్యోగికి నెలనెలా పింఛను, ఫ్యాక్టరీ కార్మికుడికి ఒక్కసారి మూట. ఇద్దరూ ముసలివాళ్లే అయినా ముసలితనం మాత్రం ఒకటి కాదు.

1971 మార్చి 1న కుటుంబ పింఛను పథకం వచ్చింది. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే భార్యకు, పిల్లలకు కొంత పింఛను. అది మేలే, కానీ బతికున్న కార్మికుడికి అందులో నెలనెలా ఏమీ లేదు. చస్తేనే పింఛనా అని కార్మికులు అడిగేవారు.

ప్రపంచంలో ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో 1889లోనే కార్మికుల వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ డబ్బు వేయాలన్నది దాని పద్ధతి. అయితే 70 ఏళ్లు నిండితేనే పింఛను. మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికుడికి అటువంటి పింఛను రావడానికి ఇంకో నూరేళ్లకు పైగా పట్టింది.

1990లలో పి.ఎ. సంగ్మా కార్మిక శాఖ చూస్తున్నప్పుడే కొత్త పింఛను మీద కసరత్తు నడిచింది. ఆ సంగతి చెప్పుకోవడం న్యాయం. ఏ చట్టమూ ఒక్కరి చేతిలో పుట్టదు. కానీ కసరత్తు ఏళ్ల తరబడి నడిచి ఆగిపోయినవి ఎన్నో ఉన్నాయి. దీన్ని గట్టెక్కించిన సమయంలో మంత్రి వెంకటస్వామి. 1995 అక్టోబరులో పీఎఫ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. 1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది. పాత కుటుంబ పింఛను దీనిలో కలిసిపోయింది.

ఇక్కడ పార్లమెంటు పని ఎలా జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి. ఆర్డినెన్స్ అంటే తాత్కాలికం. సభలు తిరిగి సమావేశమైన ఆరు వారాల్లో చట్టంగా మారకపోతే అది చెల్లదు. 1996 ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. వెంకటస్వామి మంత్రి కాలేదు, మళ్లీ పెద్దపల్లి ఎంపీగా సభలో కూర్చున్నారు. ఆర్డినెన్స్ మళ్లీ మళ్లీ జారీ అయింది. చివరకు 1996లో 25వ నంబరు చట్టంగా పార్లమెంటు దాన్ని ఆమోదించింది. మొదలుపెట్టిన ప్రభుత్వం ఒకటి, పూర్తి చేసిన ప్రభుత్వం ఇంకొకటి. మంచి పని అయితే పార్టీ మారినా నిలబడుతుందని చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

అందరూ చప్పట్లు కొట్టలేదు. కొన్ని కార్మిక సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పీఎఫ్‌లో పడాల్సిన యజమాని వాటాలో పెద్ద భాగాన్ని పింఛను నిధికి మళ్లించారు. అంటే చేతికొచ్చే మూట చిన్నదవుతుంది. ప్రభుత్వం వేసే వాటా చాలా తక్కువ. ధరలు పెరిగినప్పుడు పింఛను దానంతట అది పెరిగే ఏర్పాటు లేదు. ఇవీ వారి అభ్యంతరాలు. వ్యవహారం కోర్టులకు వెళ్లింది. 2003లో సుప్రీంకోర్టు పథకం చెల్లుతుందని చెప్పింది. అయితే ధరల గురించి ఆ రోజు చెప్పిన మాట తప్పు కాదని తరువాత తేలింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

లెక్క ఎలా పనిచేస్తుంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ భాగం నెమ్మదిగా చదవండి. మీ జీతం చీటీ పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మీ బేసిక్, డీఏ కలిపిన జీతంలో 12 శాతం మీ వాటాగా పీఎఫ్‌లో పడుతుంది. యజమాని కూడా 12 శాతం వేస్తాడు. కానీ యజమాని వాటా రెండుగా చీలుతుంది. 8.33 శాతం పింఛను నిధికి, మిగతా 3.67 శాతం మీ పీఎఫ్‌కు. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం పింఛను నిధికి కలుపుతుంది. ఈ లెక్క వేసే జీతానికి ఒక పరిమితి ఉంది. 2001లో దాన్ని రూ.6,500 చేశారు, 2014 సెప్టెంబరు 1 నుంచి రూ.15,000 చేశారు.

పింఛను రావాలంటే రెండు షరతులు. పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండాలి. 50 ఏళ్లు దాటాక ముందే తీసుకోవచ్చు గానీ ముందుకు జరిపిన ప్రతి ఏడాదికి 4 శాతం తగ్గుతుంది. పింఛను ఎంతో తెలుసుకోవడానికి లెక్క చిన్నదే. చివరి ఐదేళ్ల సగటు పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి, 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు పూర్తి చేసినవారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు.

ఉదాహరణకు సగటు జీతం రూ.12,000 అనుకుందాం. పదేళ్ల సర్వీసుకు నెలకు సుమారు రూ.1,714 వస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటే రెండేళ్లు కలిపి 22 లెక్క, సుమారు రూ.3,771 వస్తుంది. రూ.15,000 సగటుతో ముప్పై ఏళ్లు చేసినవారికి 32 లెక్కన సుమారు రూ.6,857 వస్తుంది. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ బతికినంత కాలం నెలనెలా వస్తుంది. మీరు పోయాక మీ భార్యకో భర్తకో దానిలో సగం వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా ఒక్కొక్కరికీ కొంత వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సర్వీసులో ఉండగా మనిషి చనిపోతే పదేళ్ల షరతు వర్తించదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా కుటుంబానికి పింఛను వస్తుంది. పనిచేయలేని శాశ్వత వైకల్యం వచ్చినా పదేళ్ల షరతు లేదు. పీఎఫ్‌తో కలిసి ఉండే బీమా కింద కుటుంబానికి రూ.7 లక్షల వరకు కూడా రావచ్చు. ఈఎస్ఐలో పేరుండి పనిలో ప్రమాదం వల్ల చనిపోతే, ఆధారపడ్డవారికి జీతంలో 90 శాతం మేరకు నెలనెలా చెల్లిస్తారు. రామచంద్రాపురంలో ఉన్న ఈఎస్ఐ ఆసుపత్రి కూడా మీ చందాతో నడిచేదే.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు మనకందరికీ తెలుసు. నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఎక్కువమంది దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే రోజులు పట్టింది. రిజిస్టరులో పేరు సరిగ్గా ఉండడం అంటే ఏమిటో ఆ రోజు గేటు బయట నిలబడ్డ కుటుంబాలకు తెలిసింది. బతికున్నప్పుడు ఆ పేరు జీతం చీటీ మీద ఒక గీత లాగా కనిపిస్తుంది. ఇంటికి పెద్ద దిక్కు పోయినప్పుడు ఆ ఇంటికి మిగిలే ఆధారం అదే.

మన చేతిలోంచి ఎలా జారిపోతోంది?

చట్టం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మన తండాల నుంచి ఎందరో ఆ పారిశ్రామికవాడలో పనిచేశారు. అయినా పీఎఫ్ పింఛను తీసుకునేవారిని తండాలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దీనికి నాకు కనిపించిన కారణాలు మూడు.

మొదటిది, పని మారిన ప్రతిసారీ పింఛను డబ్బు తీసేయడం. పని మానాక సాధారణంగా రెండు ఫారాలు పెడతారు. ఫారం 19 పీఎఫ్ డబ్బుకు. ఫారం 10సీ పింఛను డబ్బుకు. పదేళ్ల లోపు సర్వీసు ఉన్నవారు 10సీ పెడితే కొంత మొత్తం చేతికి వస్తుంది. ఆ సర్వీసు అక్కడితో తుడిచిపెట్టుకుపోతుంది. మా తండా పెద్దమనిషి మూడుసార్లు చేసింది అదే. ఆరు, నాలుగు, ఐదు కలిస్తే పదిహేను. మొదటి రెండూ కలిస్తేనే పది. ఆయన తీసుకోకుండా ఉంటే, రూ.9,000 సగటు జీతం మీద కూడా నెలకు రూ.1,900 పైన వచ్చేది. ఎంత అవసరం వచ్చినా ముందు పీఎఫ్ భాగం నుంచి అడ్వాన్సు అడగండి. ఇల్లు, జబ్బు, పెళ్లి వంటివాటికి ఆ వీలుంది. పింఛను భాగాన్ని ముట్టుకోవద్దు. కొత్త కంపెనీలో చేరినప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇచ్చి, పాత ఖాతాను బదిలీ చేయించుకోండి. పని మానేసి ఊరికి వచ్చేస్తే స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. మీ సర్వీసు అందులో రాసి ఉంటుంది. తరువాత ఎక్కడ చేరినా అది పనికొస్తుంది.

రెండోది, కాంట్రాక్టరు. మనవాళ్లలో చాలామంది కంపెనీ రోల్ మీద ఉండరు, కాంట్రాక్టరు కింద ఉంటారు. కాంట్రాక్టరు మారితే నంబరు మారుతుంది, ఒక్కోసారి జీతంలో కోసిన డబ్బు కట్టనే కట్టరు. 1952 చట్టం ఈ సందును ముందే చూసింది. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవాడు కూడా ఆ చట్టం దృష్టిలో ఉద్యోగే. కాంట్రాక్టరు కట్టకపోతే కట్టించాల్సిన బాధ్యత అసలు కంపెనీది. జీతంలో కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద నేరం కూడా. అయితే మీరు అడగాలంటే మీకు తెలియాలి. యూఏఎన్‌తో ఫోన్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు. పింఛను గడిలో ప్రతి నెలా అంకె పడుతోందా లేదా అని మూడు నెలలకోసారి చూడండి. పడకపోతే ఏళ్ల తరువాత కాదు, ఆ నెలలోనే అడగండి. పీఎఫ్ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంది. పటాన్‌చెరు పేరుతోనే ఒక ప్రాంతీయ కార్యాలయం కూడా ఉంది.

మూడోది, మన పేర్లు. ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో చివర నాయక్ అనో రాథోడ్ అనో ఉంటుంది. కంపెనీవాళ్లు ఇంటిపేరు పొడి అక్షరంగా రాస్తారు. ఆడబిడ్డల పేరు చివర బాయి ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. పుట్టిన తేదీ తెలియక బడిలో వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. మనిషి ఒక్కరే, కాగితాల మీద ముగ్గురు. కంప్యూటరుకు మన తండా తెలియదు, మన నాయక్ తెలియడు. అక్షరం తేడా వస్తే క్లెయిమ్ వెనక్కి పంపుతుంది. చేరిన మొదటి నెలలోనే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పీఎఫ్ పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. నామినీ పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేయండి. పెళ్లయ్యాక మళ్లీ మార్చండి. ఇంట్లో చదువుకున్న తమ్ముడో చెల్లెలో ఉంటే యాడి, బాపుల కాగితాలు కూడా ఒకసారి చూడాలి.

1995 తరువాత

అదే 1995లో ఆగస్టు 15న కేంద్రం ఇంకో పథకం మొదలుపెట్టింది. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం. ఏ ఆధారమూ లేని 65 ఏళ్లు దాటిన పేదలకు కేంద్రం తరఫున నెలకు రూ.75. మొత్తం చిన్నది. కానీ పనిచేసిన చోటు ఏదో, యజమాని ఎవరో అడగకుండా ఇచ్చేది అది. చెరకు నరికినవారికి, గొర్రెలు కాసినవారికి దారి అదే. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో ఆసరా పింఛన్లు రూ.1,000తో మొదలయ్యాయి, 2019లో రూ.2,016 అయ్యాయి. ఈ రోజు తండాల్లో ముసలివారి చేతిలో నెలకింత డబ్బు ఆడుతోందంటే ఇవే కారణం.

ఈ రెండు పింఛన్ల తేడా మీకు తెలిసి ఉండాలి. ఆసరా వంటిది ప్రభుత్వం ఇచ్చేది. వృద్ధాప్యంలో ప్రజా సహాయం గురించి రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది, కానీ రాజ్యం ఆర్థిక స్థోమతను బట్టి అని కూడా అంటుంది. బడ్జెట్‌ను బట్టి, ఎన్నికలను బట్టి అది పెరగవచ్చు, ఆగవచ్చు. పీఎఫ్ పింఛను మీ సర్వీసు మీద పుట్టింది. మీ పేరున చందా పడింది కాబట్టి అది మీ హక్కు. ఒకటి ఉందని ఇంకొకటి వదులుకోవద్దు.

కానీ కాకా తెచ్చిన పింఛనులో లోటు కూడా ఉంది. దాన్ని దాచకూడదు. కొంతకాలానికి వేలమంది పింఛనుదారులకు నెలకు కొన్ని వందలే వస్తున్నాయన్న సంగతి పార్లమెంటు ముందుకు వచ్చింది. రాజ్యసభ పిటిషన్ల కమిటీకి అర్జీ వెళ్లింది. భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షతన ఆ కమిటీ 2013లో నివేదిక ఇచ్చింది. కనీస పింఛను రూ.3,000 చేయాలని అంది. 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను రూ.1,000 అయింది. పదేళ్లు దాటినా అది అక్కడే ఉంది. అంటే ఏ సర్వీసూ చూడని ఆసరా పింఛనులో సగం కూడా లేదు. 1995లో సంఘాలు ధరల గురించి అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

ఆ తరువాత 2014 నవంబరు నుంచి 2017 వరకు సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ ఆ శాఖ చూశారు. ఈఎస్ఐ జీతం పరిమితి రూ.21,000 కావడం, పెద్ద సంస్థల్లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరగడం ఆ కాలంలోనే జరిగాయి. 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్ ఆమోదించి పాత చట్టాలెన్నింటినో ఒకచోట చేర్చింది. ఫోన్ యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల పేరు కూడా అందులో చేరింది. పటాన్‌చెరులో షిఫ్టు అయిపోయాక బండి మీద సరుకులు మోసే మన పిల్లలు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

మన వంతు

కూలి చేసి పెరిగిన మనిషి ఢిల్లీలో ఎనిమిది నెలలు ఒక శాఖ చూసి, దేశంలో ఉన్న ఫ్యాక్టరీ కార్మికులందరి ముసలితనానికీ పనికొచ్చే పని చేయగలిగారు. అసెంబ్లీకి, పార్లమెంటుకు మనం పంపే మనిషిని అడగాల్సింది ఏమిటో ఈ చరిత్ర చెబుతుంది. గుడి కట్టిస్తావా, ఫంక్షన్ హాలు కట్టిస్తావా అని అడుగుతాం. తప్పు లేదు. దానితో పాటు కనీస పింఛను గురించి సభలో ఎన్నిసార్లు లేచావు, కాంట్రాక్టు కార్మికుల చందా గురించి ఏం అడిగావు అని కూడా అడగాలి. ఎంపీ అడిగిన ప్రతి ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు లోక్‌సభ వెబ్‌సైటులో ఉంటాయి. చదువుకున్న మీరే వెతికి చూడాలి.

మా తండా పెద్దమనిషికి పోయిన పదిహేనేళ్లు తిరిగి రావు. ఆయన కొడుకు ఇప్పుడు పాశమైలారంలో పనిచేస్తున్నాడు. రెండో కంపెనీ, ఎనిమిదో ఏడు. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని అతని పాస్‌బుక్ తెరిచి చూశాం. మొదటి కంపెనీ ఖాతా బదిలీ కాలేదు. 10సీ పెట్టి ఆ డబ్బు తీసుకుందామని అనుకుంటున్నాడు. తండ్రి పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. "వద్దు బిడ్డా, ఇంకా రెండేళ్లే" అన్నాడు.

ఆ రాత్రే బదిలీకి దరఖాస్తు పెట్టాం.